శివరాత్రి జాగారంలో జంట క్వేసార్: డాబా మీద నుంచి గురుత్వ కటకాన్ని ఫొటో తీసే పద్ధతి

శివరాత్రికి మా ఊళ్లో ఎలాగూ ఎవరూ పడుకోరు. 2023 ఫిబ్రవరి 18 రాత్రి నేనూ పడుకోలేదు. గుడిలో కాదు, డాబా మీద, టెలిస్కోప్ పక్కన, నాన్న గొంగడి కప్పుకుని. అచ్చంపేట దాటాక నల్లమల అంచున ఉంటుంది మా ఊరు. తెల్లవారుజామున అమ్మ చాయ్ తీసుకుని మెట్లెక్కి వచ్చి ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసి, "గీ రెండు సుక్కల కోసమేనా బిడ్డా రాత్రంతా?" అంది. "రెండు కాదమ్మా, ఒక్కటే. మనకు రెండుగా కనపడుతుంది" అన్నాను. అమ్మ కాసేపు అలాగే చూసి, "ఎట్ల?" అని అడిగింది.

ఆ ఎట్లకు జవాబూ, ఆ ఫొటో మీరూ తీసుకునే పద్ధతీ రెండూ ఇక్కడ రాస్తున్నాను. ఆ చుక్కల పేరు జంట క్వేసార్. క్వేసార్ అంటే చాలా దూరపు గెలాక్సీ నడుమ విపరీతంగా వెలిగే కేంద్రం. కేటలాగులో క్యూఎస్ఓ 0957+561. ముందున్న గెలాక్సీ తన గురుత్వాకర్షణతో వెనక ఉన్నదాని వెలుగును కటకంలా వంచితే దాన్ని గురుత్వ కటకం అంటారు. మనుషులు కనుక్కున్న మొట్టమొదటి గురుత్వ కటకం ఇదే. హబుల్ తీసిన ఫొటోలు చూసి ఇవన్నీ పెద్దవాళ్ల పని అనుకునేవారికి ఒక మాట: 8 అంగుళాల టెలిస్కోప్, దాన్ని తిప్పే మోటారు మౌంట్, పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, చీకటి ఉన్న ఊరు, ఈ నాలుగూ చాలు.

ముందు కుంకుమ చుక్కతో

టెలిస్కోప్ బయటికి తీయకముందే ఇంట్లో ఒక పని చేయండి. కాడ ఉన్న గాజు ఐస్‌క్రీమ్ గ్లాసు విరిగితే, గుండ్రటి అడుగు భాగాన్ని పారేయకండి. విరిగిన చోట మందంగా టేపు చుట్టండి, చేయి కోసుకుంటుంది. తెల్ల కాగితం మీద కుంకుమతో చిన్న బొట్టు పెట్టి, ఆ గాజు అడుగును కాగితానికి నాలుగైదు అంగుళాల పైన పట్టుకుని అందులోంచి చూడండి. కాడ ఉన్న చోటు సరిగ్గా బొట్టు మీదికి వస్తే బొట్టు పోయి ఎర్రటి వలయం కనిపిస్తుంది. కొంచెం పక్కకు జరిపితే వలయం తెగి రెండు ముక్కలవుతుంది, అటొకటి ఇటొకటి. గాజును కాస్త వంచితే నాలుగు ముక్కలు కూడా చేయవచ్చు.

ఆకాశంలో జరిగేదీ ఇదే. గాజు స్థానంలో గెలాక్సీ, బొట్టు స్థానంలో క్వేసార్. భూతద్దం అంచుల దగ్గర కాంతిని ఎక్కువగా వంచుతుంది, అందుకే కిరణాలు ఒక బిందువు దగ్గర కలుస్తాయి. గ్లాసు అడుగు దీనికి తిరగబడి ఉంటుంది: నడుమ కాడ దగ్గర ఎక్కువగా వంచుతుంది, అంచుకు పోయేకొద్దీ తక్కువ. గురుత్వాకర్షణ పని చేసేదీ ఇలాగే. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్ర కాంతి 1.75 ఆర్క్‌సెకండ్లు (ఒక ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుందని ఐన్‌స్టీన్ లెక్క కట్టాడు. 1919 సూర్యగ్రహణంలో ఎడింగ్టన్ బృందం దాన్ని కొలిచింది. నక్షత్రాలు కాదు, గెలాక్సీలే ఇలాంటి కటకాలుగా దొరుకుతాయని 1937లో చెప్పినవాడు ఖగోళ శాస్త్రవేత్త జ్విక్కీ. ఆ మాట రుజువు కావడానికి 42 ఏళ్లు పట్టింది. 1979లో అరిజోనాలోని కిట్ పీక్‌లో ఉన్న 2.1 మీటర్ల టెలిస్కోప్‌తో వాల్ష్, కార్స్‌వెల్, వేమన్ అనే శాస్త్రవేత్తలు పక్కపక్కనే ఉన్న రెండు నీలి చుక్కల వర్ణపటాలు తీస్తే రెండూ ఒకేలా వచ్చాయి. రెండింటి రెడ్‌షిఫ్ట్ (విశ్వం విస్తరించడం వల్ల వెలుగు ఎంత సాగిందో చెప్పే అంకె) 1.41. ఆ రెండు చుక్కలనే మనం ఇప్పుడు ఫొటో తీయబోతున్నాం.

ఎప్పుడు

శివరాత్రినాడు. భక్తితో చెప్పే మాట కాదు ఇది, లెక్కతో చెప్పేది. మాఘ బహుళ చతుర్దశి అంటే అమావాస్య ముందు రాత్రి, తెల్లవారే దాకా చంద్రుడి బెడద ఉండదు. పైగా ఈ క్వేసార్ ఫిబ్రవరి మూడో వారంలో అర్ధరాత్రికి ఆకాశంలో తన అత్యున్నత స్థానానికి వస్తుంది. ఆ ఏడాది మా ఊళ్లో 12 గంటల 25 నిమిషాల ప్రాంతంలో వచ్చింది. గుడి మైకులో లింగోద్భవ కాలం అభిషేకం వినపడుతుంటే నా టెలిస్కోప్ ఉత్తరాన 50 డిగ్రీల ఎత్తున దాని మీద గురి పెట్టి ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏ అమావాస్య దగ్గరైనా ఫర్వాలేదు. నెల గడిచేకొద్దీ రెండు గంటలు ముందుగా పైకి వస్తుంది, అంతే తేడా.

పండగ రాత్రి ఒక ఇబ్బంది ఉంది: సీరియల్ బల్బులు, శ్రీశైలం రోడ్డు మీద బండ్ల లైట్లు. మాకు అవి దక్షిణాన పడ్డాయి, నా గురి ఉత్తరానికి. మీ ఇంటికి ఉత్తరం వైపు చీకటిగా ఉందో లేదో ముందు రోజు రాత్రే నిలబడి చూసుకోండి.

ఏ సామాను

రెండు చుక్కల మధ్య ఎడం 6 ఆర్క్‌సెకండ్లకు కొంచెం పైన. అంటే 700 మీటర్ల దూరంలో రెండు అగ్గిపుల్లలను రెండు సెంటీమీటర్ల ఎడంతో నిలబెట్టినట్టు. మీ కెమెరా దాన్ని విడగొట్టగలదా లేదా అన్నది ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది: పిక్సెల్ సైజు మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించండి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగించండి. ఒక పిక్సెల్ ఎన్ని ఆర్క్‌సెకండ్లో వస్తుంది. నాది 8 అంగుళాల న్యూటోనియన్, ఫోకల్ లెంగ్త్ 1000. కెమెరా పిక్సెల్ 3.7 మైక్రాన్లు. అంటే పిక్సెల్‌కు 0.76. రెండు చుక్కల మధ్య 8 పిక్సెళ్లు వస్తాయి, గాలి కదలికకు చుక్కలు కొంచెం ఉబ్బినా సరిపోతుంది. అదే కెమెరాకు 200 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే పిక్సెల్‌కు 3.8 వస్తుంది, రెండూ కలిసిపోయి ఒక్క చుక్కే మిగులుతుంది. లెన్సుకు ఎంత ఖర్చు పెట్టారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

చుక్కలు ఒక్కొక్కటి దాదాపు మాగ్నిట్యూడ్ 17. కంటికి అందే అతి మసక నక్షత్రం కంటే 25 వేల రెట్లు మసక. 8 అంగుళాల అద్దంలో కంటితో చూడలేం. కెమెరా చాలాసేపు వెలుగు పోగేయాలి. అందుకే టెలిస్కోప్‌ను ఆకాశంతో పాటు తిప్పే మోటారు మౌంట్ తప్పనిసరి.

మన అక్షాంశంలో మౌంట్

ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. వీడియోలు చేసేవాళ్లలో ఎక్కువమంది యూరప్, అమెరికాల వాళ్లు. వాళ్లకు ధ్రువ నక్షత్రం 40, 50 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మా ఊళ్లో 16 డిగ్రీలే. దుమ్ములో, పొగలో, వేప చెట్టు కొమ్మల వెనక ఉంటుంది.

ఈక్వటోరియల్ మౌంట్ అంటే అక్షాన్ని ధ్రువం వైపు పెట్టి తిప్పేది. ధ్రువం ఎత్తు అంత తక్కువైతే అది దాదాపు పడుకున్నట్టు ఉంటుంది. కౌంటర్‌వెయిట్ (టెలిస్కోప్‌కు సరితూగే బరువు) కడ్డీ ఉత్తరం వైపు వేలాడుతుంది. ట్రైపాడ్ కాలు ఒకటి ఉత్తరానికి పెట్టమని అందరూ చెబుతారు, నేనూ అలాగే పెట్టాను. మొదటి ప్రయత్నం రాత్రి ఒంటి గంటకు కౌంటర్‌వెయిట్ వెళ్లి ఆ కాలికి తగిలింది. మోటారు నెడుతూనే ఉంది, నేను గమనించలేదు. రెండు గంటల ఫొటోల్లో నక్షత్రాలన్నీ గీతలై వచ్చాయి. మంచి రాత్రి పోయింది. అప్పటి నుంచి ట్రైపాడ్‌ను తిప్పి ఒక కాలు దక్షిణానికి, రెండు కాళ్లు ఉత్తరం వైపు పెడుతున్నాను. బరువు ఆ రెండు కాళ్ల మధ్య ఖాళీలో వేలాడుతుంది. చీకటి పడకముందే టెలిస్కోప్‌ను ఉత్తరాకాశమంతా చేత్తో తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోండి.

ధ్రువ నక్షత్రం చెట్టు వెనక ఉంటే దిగులు పడకండి. ఆకాశాన్ని మూడు చోట్ల ఫొటో తీసి అక్షం ఎటు తప్పిందో చెప్పే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. ధ్రువం కనిపించకపోయినా అవి పని చేస్తాయి.

డాబా గురించి రెండు మాటలు. స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి వదులుతుంది, ఆ వేడి గాలికి చుక్కలు అల్లల్లాడతాయి. సాయంత్రం అయిదింటికే రెండు బకెట్ల నీళ్లు చల్లి ఆరనివ్వండి. ఫొటోలు తీసేటప్పుడు మెట్ల మీద ఎవరినీ నడవనివ్వకండి, స్లాబు అదురుతుంది. అమ్మ కింద నుంచి పిలిచి, నేను సరే అన్నాకే పైకి వచ్చేది.

సప్తర్షుల నుంచి దారి

ఈశాన్యంలో లేచే సప్తర్షి మండలం మీకు తెలిసిందే. గరిటె ముందు అంచున రెండు నక్షత్రాలు: ధ్రువ నక్షత్రానికి దగ్గరగా ఉన్నది క్రతు, రెండోది పులహ. ఆ రెండింటి మధ్య దూరానికి ఒకటిన్నర రెట్లు తీసుకుని, పులహ నుంచి సరిగ్గా పడమరకు వెళ్లండి. మన క్వేసార్ అక్కడే ఉంటుంది. పులహ, క్వేసార్ రెండూ దాదాపు ఒకే డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) మీద ఉన్నాయి కాబట్టి మౌంట్‌ను ఒక్క అక్షంలో తిప్పితే చాలు. ముందు పులహ వైపు తిప్పి, ట్యూబు మూతికి బాహ్తినోవ్ మాస్క్ (ఫోకస్ కుదిరిందో లేదో చూపే గీతల మూత) పెట్టి ఫోకస్ చేయండి, కెమెరా తెరను 10 రెట్లు పెద్దది చేసుకుని. గంటకోసారి మళ్లీ చూడండి, చలి పెరిగేకొద్దీ ట్యూబు ముడుచుకుని ఫోకస్ జారుతుంది. ఆరు ఆర్క్‌సెకండ్లను విడగొట్టే పనిలో ఫోకస్ జారితే ఇక ఏం చేసినా లాభం లేదు.

క్వేసార్‌కు దారి చూపే గుర్తు ఎన్‌జీసీ 3079 అనే గెలాక్సీ. పక్కవాటంగా కనిపించే సన్నటి గెలాక్సీ, 30 సెకన్ల ఫొటోలోనే నూలుపోగులా తేలుతుంది. అది ఫ్రేము నడుమకు వచ్చిందంటే పని అయిపోయినట్టే. దానికి ఉత్తరాన, కొంచెం పడమరకు వాలి, 14 ఆర్క్‌మినిట్ల (ఒక ఆర్క్‌మినిట్ అంటే డిగ్రీలో 60వ వంతు) దూరంలో మన జంట ఉంటుంది. డీఎస్ఎల్ఆర్ ఫ్రేములో రెండూ హాయిగా పడతాయి. కంప్యూటర్‌తో నడిచే మౌంట్ అయితే ఈ అంకెలు ఇవ్వండి: రైట్ అసెన్షన్ (ఆకాశంలో రేఖాంశం లాంటిది) 10 గంటల 1 నిమిషం 21 సెకన్లు, డెక్లినేషన్ +55 డిగ్రీల 54 నిమిషాలు. అయినా ఒకసారి సప్తర్షుల దారి నడిచి వెళ్లండి. ఎక్కడికి వెళ్తున్నామో మనసుకు పడుతుంది.

నేను ఐఎస్ఓ 1600 పెట్టి 60 సెకన్ల ఫొటోలు 90 తీశాను, అంటే గంటన్నర వెలుగు. గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్‌ను సరిచేసే ఏర్పాటు) లేకపోతే 30 సెకన్లవి 180 తీసుకోండి. చివర్లో మూత పెట్టి అదే నిడివితో 20 డార్కులు, అంటే కెమెరా సొంత మచ్చలు తీసేయడానికి చీకటి ఫొటోలు. తెల్లారాక ట్యూబు మూతికి తెల్ల పంచె బిగించి కట్టి, ఆకాశం వైపు పెట్టి 20 ఫ్లాట్లు, అంటే ఫ్రేములో వెలుగు హెచ్చుతగ్గులు సరిచేయడానికి తెల్లటి ఫొటోలు. మంచు పడితే చిన్న అద్దం మసకబారుతుంది, హెయిర్ డ్రయర్‌తో సన్నటి వేడి గాలి పట్టించండి.

ఫొటో చదవడం

స్టాక్ చేయడానికి, అంటే ఫొటోలను ఒకటిగా కలపడానికి, సిరిల్ గానీ డీప్‌స్కైస్టాకర్ గానీ వాడండి, రెండూ ఉచితమే. 90 ఫొటోలనూ కలిపేయకండి. చుక్కలు ఉబ్బి ఉన్నవి తీసేయండి. నేను 61 ఉంచుకున్నాను. వెలుగు తగ్గినా ఫర్వాలేదు, ఇక్కడ స్పష్టత ముఖ్యం. పదును పెంచే టూల్స్ ముట్టుకోవద్దని నా గట్టి సలహా. అవి గుండ్రటి చుక్కను కూడా రెండుగా చీల్చగలవు, అప్పుడు మీ ఫొటో మీద మీకే నమ్మకం ఉండదు.

తర్వాత ప్లేట్ సాల్వ్ చేసి (ఫొటోలోని నక్షత్రాలను బట్టి అది ఆకాశంలో ఏ చోటో సాఫ్ట్‌వేర్‌తో తేల్చి) ఉత్తరం పైకి వచ్చేలా ఫొటోను తిప్పండి. మౌంట్‌కు ఇచ్చిన ఆ అంకెల దగ్గర, నిలువుగా ఒకదాని కింద ఒకటి, దాదాపు సమానమైన రెండు చుక్కలు, కాస్త నీలి ఛాయలో. పైది ఎ, కిందది బి. అల్లాడిన్ అనే ఉచిత ఆకాశ పటంలో అదే చోటు తెరిచి పోల్చుకోండి. పక్కనున్న నక్షత్రాలతో సహా అన్నీ కలిశాయంటే మీరు గురుత్వ కటకాన్ని ఫొటో తీసినట్టే.

కటకం పని చేస్తున్న గెలాక్సీ మీ ఫొటోలో విడిగా కనిపించదు. అది బి చుక్కకు ఒకే ఒక్క ఆర్క్‌సెకండు దూరంలో ఉంది, ఆ వెలుగులో కలిసిపోతుంది. హబుల్ చిత్రంలో చూస్తే బి పక్కనే పసుపు మసకగా తెలుస్తుంది. ఎ మాత్రం ఆ గెలాక్సీకి అయిదు ఆర్క్‌సెకండ్ల పైనే దూరం. కుంకుమ బొట్టును కాడ నుంచి పక్కకు జరిపినప్పుడు ఒక ముక్క కాడకు దగ్గరగా, ఒకటి దూరంగా వచ్చింది గుర్తుందా, అదే ఇది.

ఇతర టెలిస్కోపుల చిత్రాలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కాంతివంతమైన నక్షత్రాల చుట్టూ శిలువ ఆకారంలో గీతలు ఉంటాయి. అవి చిన్న అద్దాన్ని పట్టుకునే కమ్మీల వల్ల వచ్చేవి. నా ఫొటోలోనూ ఉన్నాయి. పెగాసస్‌లో ఉన్న ఐన్‌స్టీన్ క్రాస్ వేరు: అందులో గీతలు ఉండవు, ఒక గెలాక్సీ కేంద్రం చుట్టూ నాలుగు విడి చుక్కలు ఉంటాయి. వాటి మధ్య ఎడం రెండు ఆర్క్‌సెకండ్ల లోపు, నా డాబా గాలికి అది అందదు. కటకాన్ని వెతకాలంటే గీతలు కాదు, ఒకే రంగు చుక్కలు ఒక పసుపు గెలాక్సీకి అటూ ఇటూ ఉన్నాయా అని చూడాలి. అప్పటికీ అది అనుమానమే, వర్ణపటాలు కలిస్తేనే రుజువు.

అమ్మకు చెప్పింది

నూలుపోగు గెలాక్సీ వెలుగు మన దాకా రావడానికి సుమారు 5 కోట్ల ఏళ్లు పట్టింది. దాని పక్కనున్న రెండు చుక్కల వెలుగుకు దాదాపు 900 కోట్ల ఏళ్లు. అది బయలుదేరినప్పుడు సూర్యుడు లేడు, భూమి లేదు. దారిలో కటకం గెలాక్సీని దాటేసరికి, సుమారు 400 కోట్ల ఏళ్ల కిందట, భూమి పుట్టి ఉంది. అక్కడ వెలుగు రెండు దారుల్లో వచ్చింది. గెలాక్సీకి దగ్గరగా వచ్చిన బి దారి ఆలస్యమైంది. ఎంతంటే, 417 రోజులు.

ఈ అంకె మీద చాలా ఏళ్లు వాదన నడిచింది. కొందరు 415 దగ్గర అన్నారు, కొందరు 540 దగ్గర. 1994 డిసెంబరులో ఎ చుక్క వెలుగు ఉన్నట్టుండి పడిపోయింది. కుందిచ్ అనే ఖగోళ శాస్త్రవేత్త బృందం ముందే ప్రకటించింది: తక్కువ అంకె నిజమైతే 1996 ఫిబ్రవరిలో బి కూడా ఇలాగే పడిపోవాలి. పడిపోయింది. 1997లో 417 అని, 3 రోజులు అటూ ఇటూ అని తేల్చారు. ఇలాంటి ఆలస్యంతో విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో కొలవవచ్చని రెఫ్స్‌డాల్ అనే శాస్త్రవేత్త 1964లోనే రాశాడు, మొదటి కటకం దొరకడానికి 15 ఏళ్ల ముందు.

అంటే ఒకే ఫొటోలో ఎ కొత్త కబురు, బి పాత కబురు. విశ్వం విస్తరించడం వల్ల కాలం కూడా సాగి మన దాకా వస్తుంది కాబట్టి, క్వేసార్ దగ్గరి గడియారంలో ఆ తేడా 173 రోజులే. 417ను 2.41తో భాగిస్తే వచ్చేది అది, రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపితే 2.41.

అందుకే ఈ ఫొటో ఒక్కసారి తీస్తే సగం పనే. శివరాత్రి నుంచి 417 రోజులు లెక్కపెడితే 2024 ఏప్రిల్ 10 వచ్చింది. ఉగాది మర్నాడు. ఉగాది రాత్రే తీశాను, మర్నాడు మబ్బు పడుతుందేమోనని. ఒక రోజు తేడా ఆ 3 రోజుల లోపలే. ఆ రోజు రాత్రి 9 గంటలకే క్వేసార్ నడినెత్తి గీత మీదికి వచ్చింది, అమ్మ కూడా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. శివరాత్రి ఫొటోలో పై చుక్క, ఉగాది ఫొటోలో కింది చుక్క: రెండూ క్వేసార్ నుంచి ఒకేసారి బయలుదేరిన వెలుగు. వాటిని పక్కపక్కన పెట్టి చూపిస్తే అమ్మ రెండింటినీ వేలితో తాకి, "ఇది ముందొచ్చింది, ఇది ఎనకొచ్చింది" అంది.

మీరు తీయబోయే మొదటి ఫొటో జనవరి మొదలు మార్చి నడుమ లోపు అయ్యేలా చూసుకోండి. దానికి ఏడాదీ 52 రోజులు కలిస్తే ఫిబ్రవరి చివర నుంచి మే మొదటి వారాల మధ్య పడుతుంది. అంతకంటే ఆలస్యమైతే రెండోసారికి వానాకాలం మబ్బులు వచ్చేస్తాయి. ఫైలు పేరులో తేదీ రాయండి, 417 కలిపి వచ్చిన తేదీని గోడ క్యాలెండర్ మీద కూడా గుర్తు పెట్టుకోండి. ఆ రెండో తేదీకి చంద్రుడు ఎక్కడ ఉంటాడో ఇప్పుడే చూసుకుని, వెన్నెల ఎక్కువైతే మొదటి ఫొటోనే కొన్ని రోజులు అటో ఇటో జరుపుకోండి.